చెప్పు సిస్టర్

ఫరీదాబాద్,
16 ఆగస్టు 1998

ప్రియమైన బాబురావు అంకుల్‌కు,

వందనాలు. నేను స్తుతిని, రెబ్కా సిస్టర్ కూతుర్ని. మీరు ఢిల్లీ వదిలి కాకినాడ వెళ్లిపోయేటప్పటికి నేను తొమ్మిదో తరగతి. గుర్తు లేకపోతే తప్పు మీది కాదు, నేను ఎక్కడికి వెళ్లినా చివరి కుర్చీలో పుస్తకం పట్టుకుని కూర్చుంటాను.

మన తెలుగు సంఘం ప్రతి క్రిస్మస్‌కీ వేసే "మూడో ప్లాట్‌ఫారం" హాస్య నాటికలకి ఈ డిసెంబరుతో ఇరవై ఐదేళ్లు. అన్ని సంవత్సరాల నాటికలూ ఒకరు వరసగా చూసి, ఏవి ఇప్పటికీ నిలబడ్డాయో సావనీరులో వ్యాసం రాయాలనీ, అందులోంచి నాలుగు ఏరి మళ్లీ వేయించాలనీ కమిటీ అనుకుంది. సెక్రటరీ నోయల్ గారు ఆ పని నాకు ఇచ్చారు. జియా సరాయ్‌లో ఒక కోచింగ్ సెంటరు నోట్సుకి ప్రూఫులు దిద్దే అమ్మాయికి ఓపిక ఉంటుందని ఆయన నమ్మకం. జనంలో నోరు విప్పక్కర్లేని పని కాబట్టి నేనూ ఒప్పుకున్నాను. ఆయన నోయిడా నుంచి తన వీసీఆర్‌ని దుప్పటిలో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చారు.

1985 నుంచి వీడియోలు ఉన్నాయి. 79 నుంచి 84 దాకా ఆడియో క్యాసెట్లు ఉన్నాయి. మొదటి ఐదేళ్లవీ లేవు. అవి మీ దగ్గరే ఉన్నాయని అందరూ అంటున్నారు. పంపిస్తారా? భద్రంగా తిరిగి పంపుతాను.

ఆడియోలు ఆరూ విన్నాను. గ్యాస్ ఆఫీసు నాటికకి ఒక్కదాన్నే కూర్చుని పైకే నవ్వాను. కొత్తగా వచ్చిన తెలుగు గుమాస్తాతో గ్యాస్‌వాడు ప్రతిసారీ "కల్ ఆనా" అంటాడు. "నిన్నకీ రేపటికీ ఒకటే మాట ఉన్న ఊళ్లో బండ ఎప్పుడొస్తుందండీ" అని గుమాస్తా ఏడుస్తాడు. ఆ గొంతు మీదేనట. పద్దెనిమిదేళ్లయినా అది పాతబడలేదు. తన మీద తను నవ్వుకుంటున్నాడు కాబట్టేమో.

అమ్మ బాగుంది. కల్తీ ఆవనూనె తిన్నవాళ్లతో ఆస్పత్రి నిండిపోయి రెండు షిఫ్టులు చేస్తోంది. తను డ్యూటీకి వెళ్లాకే నేను ఇవి పెడతాను. నాటిక మొదట్లో మోగే ప్లాట్‌ఫారం గంట వినబడితే చాలు, లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. నన్ను ఎప్పుడూ నాన్నే తీసుకొచ్చేవారు, తను రాలేదు. అమ్మకి హాస్యం పట్టదని నాన్న బతికుండగా అనేవారు.

క్యాసెట్ల కోసం ఎదురుచూస్తూ,
స్తుతి


కాకినాడ,
29 ఆగస్టు 1998

ప్రియమైన స్తుతమ్మకు,

నువ్వు గుర్తులేకపోవడమేంటి తల్లీ. సమోసా కూడా పుస్తకం మీద పెట్టుకుని తినేదానివి. ఆ నూనె మరక ఏ పేజీలో పడిందో కూడా చెప్పగలను.

ఉత్తరం చదివి మా వీధి అరుగు మీద అరగంట ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఎదురింటి రామమోహనరావు గారు ఏదో ముదిరిందనుకుని మంచినీళ్లు తెచ్చిచ్చారు. నా గ్యాస్ గుమాస్తా ఇంకా బతికే ఉన్నాడంటే అంతకంటే ఏం కావాలి.

మొదటి క్యాసెట్ల సంగతి అడక్కు. ఇక్కడ సముద్రపు గాలికి ఇనప గేటే నిలబడట్లేదు, టేపు ఏం నిలబడుతుంది. బూజు పట్టి పాడైపోయాయి. ఉన్నవాటితోనే కానిచ్చెయ్.

నోయల్ ఫోను చేశాడు. ముఖ్య అతిథిగా రావాలట, వచ్చి "చెప్పు సిస్టర్" మళ్లీ వెయ్యాలట. అరవై రెండేళ్ల మీసాలవాడికి నర్సు చీర కట్టాలని వాడి సరదా. అది లేకుండా ప్లాట్‌ఫారం ఏంటి అంకుల్, అన్నాడు. నిజమే కదా. నీకు నచ్చిన నాలుగింట్లో అదొకటి ఉంటుందని నాకు తెలుసు.

మీ అమ్మని అడిగానని చెప్పు. వద్దులే, చెప్పకు.

ఆశీస్సులతో,
బాబురావు అంకుల్


ఫరీదాబాద్,
20 సెప్టెంబరు 1998

బాబురావు అంకుల్‌కు,

వీడియోలు చూస్తున్నాను. 1986 దగ్గర ఆగిపోయాను.

మీరు నర్సు చీర కట్టుకున్నారు. నడుముకి దిండు కట్టారు. మొహానికి బొగ్గుపొడి రాసుకున్నారు. "మాది పాలకొల్లు పక్కనండీ" అన్నారు. గుండె మీద తలకిందులుగా గడియారం పిన్ను పెట్టుకుని, ప్రతి మాటకీ ముందు దాన్ని వేలితో రెండుసార్లు తట్టారు.

మా అమ్మది పాలకొల్లు పక్కనే. నలుపు. గడియారాన్ని ఇప్పటికీ అలాగే తడుతుంది.

మంచం మీద హిందీ ముసలావిడ మూలుగుతూ ఉంటుంది. నర్సు నోటి మీద వేలు పెట్టుకుని "చెప్పు, చెప్పు" అంటుంది. నోటితో చెప్పమని ఆవిడ ఉద్దేశం. ముసలావిడకి "చుప్, చుప్" అని వినిపిస్తుంది. నోరు మూసుకుంటుంది. ఈవిడ ఇంకా గట్టిగా చెప్పు అంటుంది. ఆవిడ ఇంకా గట్టిగా మూసుకుంటుంది. చివరికి మీరు కాలి చెప్పు తీసి ఎత్తుతారు. హాలు దద్దరిల్లుతుంది, తెర పడుతుంది.

మాటలో తమాషా ఉంది, కాదనను. తెలుగువాళ్లకి తప్ప ఇంకెవరికీ రాని పొరపాటు అది. కానీ దాన్ని పట్టుకుని మీరు ఒక మనిషిని కొట్టారు.

తెర పడ్డాక కెమెరా జనం వైపు తిరిగింది. మొదటి వరసలో, నాన్న పక్కన, పదేళ్ల పిల్ల రెండు చేతులతో పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆపి చూశాను. నేనే.

ఆ రోజుల్లో ఆదివారం బడిలో నన్ను "చెప్పు పిల్ల" అనేవారు. నా స్లిప్పర్లు పాతవని వెక్కిరిస్తున్నారనుకున్నాను. ఇంటికెళ్లి కొత్తవి కావాలని అమ్మ దగ్గర ఏడ్చాను. ఎందుకని అడిగితే కారణం చెప్పాను. అమ్మ మర్నాడు డ్యూటీ దిగి అటునుంచి అటే వెళ్లి బూట్లు కొనుక్కొచ్చింది.

ఇంకో సంగతి. మా ఇంట్లో అమ్మ "చెప్పు" అన్న మాట వాడదు. "ఏంటమ్మా", "ఊఁ, అను" అంటుంది. కాళ్లకి వేసుకునేవాటిని కూడా శాండల్స్ అనే అంటుంది. అది తన అలవాటు అనుకున్నాను ఇన్నాళ్లూ. ఎవరు మాన్పించారో ఇప్పుడు తెలిసింది.

అమ్మ కథ మీకెలా తెలిసింది? అడిగే వేశారా?

స్తుతి


కాకినాడ,
3 అక్టోబరు 1998

ప్రియమైన స్తుతమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపంలో కూడా తెలుగు ఎంత శుభ్రంగా రాస్తావో అని మురిసిపోయాను.

చూడమ్మా, నవ్వుకి ఎవరో ఒకరు కావాలి. గాలిని చూసి ఎవరూ నవ్వరు. పంజాబీ ఇంటాయన్ని వేశాను, బీహారు రిక్షావాణ్ణి వేశాను, మా ఆవిణ్ణి వేశాను, నా బట్టతలని పదేళ్లు వేశాను. అంతా మనవాళ్లే, అంతా సరదాకే. అప్పటి నవ్వుని ఇప్పటి కళ్లద్దాలతో చూస్తే ఎలా? కాన్వెంటు సిస్టర్లు నీకు గ్రామరు నేర్పారు గాని నవ్వడం నేర్పినట్టు లేదు.

మీ అమ్మ ఈ నాటిక గురించి నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆవిడకి లేని కోపం నీకెందుకు తల్లీ?

డిసెంబరు ఇరవై నాలుగుకి టికెట్టు దొరికింది. మీ ఇంట్లో అన్నం పెట్టిస్తావా? ఢిల్లీలో ఉల్లిపాయ దొరకట్లేదని పేపర్లో చదివాను. ఉల్లిపాయ లేని కూరైనా ఫరవాలేదు, కన్నీళ్లు తగ్గుతాయి.

నీ అంకుల్,
బాబురావు


ఫరీదాబాద్,
18 అక్టోబరు 1998

బాబురావు గారికి,

ఒక మనిషి ఏమీ అనలేదంటే ఒప్పుకుందని కాదు. ఇది నాకు కాన్వెంటులో ఎవరూ నేర్పలేదు. ఆ ముసలావిణ్ణి చూసి నేర్చుకున్నాను. మీ నాటికలోనే ఉంది. నోరు మూసుకున్న మనిషికి నొప్పి లేదనుకోవడం ఎంత తప్పో హాలంతటికీ మీరే ఆడి చూపించి, మీరే నేర్చుకోలేదు.

ఇప్పటి కళ్లద్దాలని అన్నారు. అప్పటివీ చూశాను కదా. గ్యాస్ ఆఫీసు అప్పటిదే, నిలబడింది. రేషన్ కార్డులో పెళ్లాం పేరు బదులు ఆఫీసరు పేరు పడ్డ గుమాస్తా అప్పటివాడే, నిలబడ్డాడు. 85 నుంచి 90 దాకా మీవన్నీ వరసపెట్టి చూశాను. ప్రతి దాంట్లోనూ నల్లగా ఉన్నవాళ్లు, హిందీ రానివాళ్లు, ఒళ్లున్నవాళ్లు, ఇంకొకరి ఇంట్లో పనిచేసేవాళ్లు. మీ బట్టతల నాటికలో అందరూ మీ నెత్తిని ముద్దుగా నిమురుతారు. మిమ్మల్ని ఎవరూ చెప్పుతో కొట్టరు. మీరు వెళ్లిపోయాక వేసినవాళ్లు కేబుల్ టీవీని చూసి వేశారు. వాళ్ల మీద కోపం కూడా రాదు, నిద్ర వస్తుంది.

నిన్న కమిటీ మీటింగు జరిగింది. "చెప్పు సిస్టర్" వద్దని కాగితం మీద రాసి నోయల్ గారికిచ్చాను. పైకి చదవమన్నారు. నా గొంతు రాలేదు. ఆయనే చదివారు. ఒకాయన "అరే బేటా, రెబ్కా సిస్టర్ అంత సీరియస్‌గా తీసుకుంటారా" అని నవ్వారు. అంటే అది అమ్మేనని ఆ గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలియనిది ఒక్కదాన్ని నేనే. చేతులెత్తమన్నారు. తొమ్మిదికి ఒకటి. నాటిక ఉంటుంది, మీరు వేస్తారు.

ఇంటికొచ్చి 86 క్యాసెట్టు పెట్టాను. రికార్డు కాకుండా విరిచిన మూల మీద సెల్లోటేపు అంటించి, టీవీ పెట్టి, ఎర్ర మీట నొక్కాను. మీ పదకొండు నిమిషాల్లో ఇప్పుడు ఒకాయన గోధుమ తెగుళ్ల గురించి చెప్తున్నాడు. మీ కంటే నెమ్మదస్తుడు.

మీరు రావద్దు. వస్తే ఆ చీర కట్టనని నోయల్ గారికి రాయండి. ఆ రోజు హాల్లో మళ్లీ మా అమ్మని చూసి ఎవరైనా నవ్వితే ఆ తప్పు ఈసారి తెలిసి చేసినట్టు.

అన్నం సంగతి అడిగారు. పెట్టను.

స్తుతి


కాకినాడ,
22 నవంబరు 1998

అమ్మా స్తుతీ,

ఐదు వారాలు జవాబు రాయలేకపోయాను. నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ మొదటి వాక్యం జోకులా వచ్చింది. చింపేశాను. నాకు వేరే రకంగా రాయడం చేతకాదని ఈ వయసులో తెలిసింది.

దీనితోపాటు రిజిస్టరు పార్సిల్‌లో ఒక క్యాసెట్టు, ఎనిమిది కాగితాలు పంపుతున్నాను. బూజు పట్టిందన్నది అబద్ధం. ఆ కాగితాలు ఆస్పత్రి టెంపరేచర్ చార్టులు, వెనకవైపు చూడు. ఆ చేతిరాత ఎవరిదో నేను చెప్పక్కర్లేదు.

"చెప్పు సిస్టర్" నేను రాయలేదు. మీ అమ్మ రాసింది. వేసింది కూడా మీ అమ్మే. 1974లో మొదటి ప్లాట్‌ఫారంలో మొదటి నాటిక అది. ఆ ఏడు నేను గంట కొట్టేవాణ్ణి మాత్రమే.

మీ అమ్మ 73లో వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి. హిందీ ఒక్క ముక్క రాదు. వార్డులో ఆపరేషనైన ఒక ముసలమ్మ పొట్ట పట్టుకుని మూలుగుతుంటే, నోటి మీద వేలు పెట్టి చెప్పు, చెప్పు అంది. ఆ ముసలమ్మ పల్లెటూరి మనిషి. తెల్లబట్టలావిడ చుప్ అంటే చుప్ అనుకుంది. మంచం ఊచ పట్టుకుని ఊరుకుంది. మీ అమ్మ చార్టులో "నో కంప్లయింట్స్" అని రాసింది. లోపల రక్తం పోతోందని ఎవరికీ తెలియలేదు. తెల్లారేసరికి మనిషి లేదు.

కోడలొచ్చి ఏడుస్తూ, కోపంగా కూడా కాదు, మామూలుగానే అందట. "సిస్టర్ నే చుప్ కహా థా, తో అమ్మా చుప్ రహీ." సిస్టర్ చుప్ అంది కదా, అందుకని అమ్మ చుప్‌గా ఉంది. మీ అమ్మకి ఆ మాట అర్థం కాక ఇంకో నర్సుని అడిగింది. అర్థమయ్యాక నెలరోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మరుసటేడు క్రిస్మస్‌కి ఈ కాగితాలు పట్టుకుని సంఘానికి వచ్చింది. మొదట నవ్వించాలి బాబురావుగారూ, అప్పుడే వింటారు, అంది. ఆ ఏడు రైలు దిగిన తెలుగు నర్సమ్మాయిలు నలభై మంది హాల్లో ఉన్నారు. విరగబడి నవ్వారు. నవ్వు నడుమ ముసలమ్మ కదలడం మానేసింది. మీ అమ్మ ముందుకొచ్చి, ఆ ముసలమ్మ ఇంక మాట్లాడలేదు, నేను చుప్ అన్నాననుకుంది, రేపు డ్యూటీకెళ్లేవాళ్లు ఈ ఒక్క మాట నేర్చుకుని వెళ్లండి, అంది. "బతాయియే," అంటే చెప్పండి అని. అందరిచేతా మూడుసార్లు అనిపించింది. క్యాసెట్టులో వింటావు. నలభై గొంతులు. అది నాటిక కాదమ్మా, పాఠం. 75లోనూ అలాగే వేసింది.

76 డిసెంబరులో నువ్వు పుట్టావు. మీ అమ్మ రాలేకపోతే ఆ చీర నేను కట్టుకున్నాను. ముసలమ్మ నోరు మూసుకునే చోట ఎంత నవ్వు వచ్చిందంటే, నా జన్మలో అంత నవ్వు నేను వినలేదు. ఆ నవ్వు మీద తెర దింపమని సైగ చేశాను. చివరి రెండు నిమిషాలూ అలా పోయాయి. 77లో మీ అమ్మ నిన్ను ఎత్తుకుని వచ్చి, చివర పెట్టండి అని అడిగింది. పెడదాంలేమ్మా, నవ్వుతున్నారుగా, నవ్వనీ అన్నాను. 78లో మళ్లీ అడిగింది. అప్పటికి హాల్లో నర్సులు తగ్గి ఆఫీసర్లు పెరిగారు. చావు కబురుతో ఇంటికి పంపితే వచ్చే ఏడు వస్తారా అన్నాను. మూడో ఏడు అడగలేదు, రాలేదు. ఒక్క మాట అనలేదని నీకు రాశాను. రెండుసార్లు అంది.

ఆ తరవాత దిండు, బొగ్గు, చెప్పు అన్నీ నావి. మొదటిసారి చెప్పు ఎత్తినందుకు నాకు ట్రాన్సిస్టర్ బహుమతి ఇచ్చారు. ఇంకా పాడుతోంది.

ఒక మాట అంటాను. కోపం తెచ్చుకో, నాకు అలవాటైంది. నన్ను అడిగినవన్నీ పక్క గదిలో ఉన్న మనిషిని ఒక్కసారి అడిగావా? ఆవిడ డ్యూటీకెళ్లాక క్యాసెట్లు చూశావు. ఆవిడ తరఫున ఓటేశావు. ఆవిడ తరఫున చెరిపావు. నీకూ నాకూ పెద్ద తేడా ఉందని అనను. కొంచెం మాత్రం ఉంది, నేను నవ్వించాను.

నోయల్‌కి చీర కట్టనని రాశాను. రావాలో వద్దో మీ అమ్మ చెప్పినట్టు.

బాబురావు


ఫరీదాబాద్,
5 డిసెంబరు 1998

బాబురావు గారికి,

పార్సిల్ అందింది. అమ్మ రమ్మంది. చీర తనకుంది, మీరు తెచ్చుకోవద్దంది. మీరు ముసలమ్మగా దుప్పటి కప్పుకుని పడుకోవాలట. మీకు మాటలు ఉండవు. ఒప్పుకుంటేనే రైలెక్కండి.

స్తుతి


ఫరీదాబాద్,
29 డిసెంబరు 1998

బాబురావు గారికి,

నాటిక అయ్యాక మీరు ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయారు. మర్నాడు ఉదయం రైలెక్కేశారని నోయల్ గారు చెప్పారు. మీరు మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నారు కాబట్టి మీకు కనబడనివి రాస్తున్నాను.

ముందు మీకు తెలియని ఇంకో సంగతి. పార్సిల్ విప్పినరోజు ఆ చార్టులు తీసుకెళ్లి వంటింట్లో అమ్మ ముందు పెట్టాను. అమ్మ చేతులు తుడుచుకుని ఒక్కొక్కటీ తిరగేసింది. ఇరవై రెండేళ్లు నాకెందుకు దాచావని అరిచాను. నేను అరవడం అమ్మ ఎప్పుడూ వినలేదు. "దాచలేదు. నువ్వు పుట్టకముందు గట్టిగానే చెప్పాను, హాలంతా విన్నారు. ఆ తరవాత ఎవరికీ అక్కర్లేకపోయింది" అంది. నేను 86 క్యాసెట్టు చెరిపేసిన సంగతి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అప్పుడు వచ్చింది అమ్మకి కోపం.

"నిన్ను ఎవరు చెరపమన్నారు? వాళ్లు సగం మింగేశారు, మిగిలిన సగం నువ్వు తుడిచేశావు. ఇంక ఆ ముసలావిడ ఎక్కడుందే?"

అమ్మకి కోపం మీ చెప్పు మీద కాదు, బొగ్గు మీదా కాదు. వాటికి బాధపడింది, ఇంట్లో ఆ మాట పలకడం మానేసింది. కానీ ఆవిడ కోపమంతా ఆ రెండు నిమిషాల మీదే. ఇరవై రెండేళ్లు ఆ ముసలావిడ నొప్పికి నవ్వి, ఆవిడ చనిపోయిందని తెలియకుండానే అందరూ ఇళ్లకి వెళ్లారని.

అమ్మ పెన్సిలు తీసుకుని కాగితంలో ఒక్కటి దిద్దింది. "ముసలమ్మ" అని ఉన్నచోటల్లా కొట్టేసి "రామ్‌కలీ" అని రాసింది. బల్లభ్‌గఢ్ అవతల ఏదో పల్లె. చార్టు మీద ఆ పేరు అప్పట్లో వార్డులోనే చూసిందట. 74లో స్టేజీ మీద ఆ పేరు పలకడానికి ధైర్యం చాలలేదంది.

ఇంక ఆదివారం సంగతి.

అమ్మ రాగానే హాలు నవ్వింది. ఇంకా ఏమీ అనలేదు, గడియారం తట్టింది, అంతే. వెనకనుంచి కుర్రాళ్లు "చెప్పు సిస్టర్, చెప్పు సిస్టర్" అని ఈలలు వేశారు. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో "మీసాలు తీసేసినట్టున్నారు బాబురావుగారు" అంది. మీరే అనుకున్నారు వాళ్లు. నేను తెర పక్కన నిలబడి కాగితాలు పట్టుకున్నాను.

అమ్మ నోటి మీద వేలు పెట్టుకుని చెప్పు అంది. మీరు నోరు మూసుకున్నారు. ఆ పెద్ద నవ్వు వచ్చింది. మీరు 76లో విన్నానని రాసిన నవ్వు ఇదేననుకుంటాను. అంత నవ్వూ ఆడుతున్న మనిషి మొహం మీదికి వస్తే ఎలా ఉంటుందో చూశాను. అమ్మ కదలకుండా నిలబడింది, అయ్యేదాకా ఆగుదామని.

నోయల్ గారు తాడు వదిలారు. కావాలని కాదు. ఆ నవ్వు దగ్గర తెర పడాలని ఆయన చేతులకి అలవాటు. తెర సగం దిగింది. హాల్లోవాళ్లకి అమ్మ మొహం కనబడకుండా పోయింది, ఆ తెల్ల చీర కుచ్చిళ్లు మాత్రమే కనిపించాయి.

నేను వెళ్లి తాడు పట్టుకున్నాను. ఆయన "అయిపోయింది కదమ్మా" అన్నారు. నేను "కాలేదు" అన్నాను. హాలంతా వినబడిందట. తరవాత చెప్పారు. తాడు అరచేతిని కోసింది, కలం పట్టుకోవడం ఇంకా కష్టంగానే ఉంది. రాత బాగోకపోతే అదీ కారణం.

తెర మళ్లీ లేచేసరికి నవ్వు తగ్గిపోయింది. ఏదో పొరపాటు జరిగిందనుకున్నారు. మీరు కదలడం మానేశారు. అమ్మ ముందుకొచ్చి, "ఈమె పేరు రామ్‌కలీ" అంది. తరవాతిది కాగితంలో ఉన్నట్టే చెప్పింది. ఒక్క మాట పెంచలేదు, గొంతు పెంచలేదు. "నేను చుప్ అన్నాననుకుంది" అన్నప్పుడు ఒక కుర్రాడు అలవాటుగా నవ్వి, తను ఒక్కడే నవ్వానని తెలిసి ఆగిపోయాడు.

ఆ తరవాత అమ్మ, "ఈ ఒక్క మాట నేర్చుకుని వెళ్లండి" అంది. ఇంకా ఆ మాట అనలేదు. మూడో వరసలోంచి ఎవరో "బతాయియే" అన్నారు. తల నెరిసిన ఒకావిడ. పక్కన ఇంకొకావిడ లేచింది. తరవాత ఐదుగురో ఆరుగురో. 74లో రైలు దిగిన నలభై మందిలో ఢిల్లీలో మిగిలినవాళ్లు. అమ్మ అడక్కుండానే మూడుసార్లు అన్నారు. నేను చూస్తున్నది వాళ్లని కాదు, మిమ్మల్ని. మూడోసారి దుప్పటి అంచున మీ పెదవులు కూడా కదిలాయి. మీకు మాటలు లేవని రాశాను. అయినా కదిలాయి. ఎవరికీ చెప్పలేదు.

చప్పట్లు రాలేదు. జనం లేచి, నెమ్మదిగా కుర్చీలు సర్దుకుని వెళ్లారు. నోయల్ గారు ప్రోగ్రాం పాడైపోయిందన్నారు. తరవాతి నాటిక వాళ్లు ఇంక మేం వెయ్యం అన్నారు. సావనీరులో నా వ్యాసం మొత్తం తీసేయమని రాసిచ్చేశాను. దాని బదులు ఆ ఎనిమిది పేజీలు వేస్తున్నారు, పైన "రచన: రెబ్కా" అని. ప్రూఫు నేనే దిద్దాను.

మీ మీద నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే మీకు బాగుంటుంది, రాయను. నా మీద కూడా పోలేదు. పక్క గదిలో ఉన్న మనిషిని అడిగావా అన్నారు. ఆ మాటకి మీ ఉత్తరాన్ని నేలకేసి కొట్టాను. మళ్లీ తీసి మడతపెట్టి ఉంచాను.

ఆ రోజు ఇంటికొచ్చాక అమ్మ గుమ్మంలో కూర్చుని శాండల్స్ విప్పింది. నా చెయ్యి లాగి అరచెయ్యి చూసి, దూదీ మందూ తెచ్చి కట్టు కట్టింది. కడుతూ తల ఎత్తకుండా, "చెప్పవే, ఎక్కడ నొప్పి?" అంది.

చెప్పాను.

స్తుతి